వీధి వస్తువులు – ఛాయాచిత్రములు

మీ యూరిలో చూడదగినవేవి యని పొరుగూరివారు అడిగినచో మీరేమి చూపుదురు? ఖమ్మము బాలురు కొండమీది కోటను చూపుదురు. దాని చేరువనున్న జాఫరు బావి మెట్లకడకు తీసికొనిపోవుదురు. భద్రాచలము బాలురు రామాలయమును, గోదావరిని చూపుదురు. త్రోవలోనున్న పోస్టు డబ్బాను గాని, మలుపుకడ సగము మట్టిలో కూరుకొనిపోయిన మైలురాయిని గాని, పది యిండ్లవారు నీరు పట్టుకొను చేతిపంపును గాని చూపువారు లేరు. అవి చూడదగినవని మనకు తోచనే తోచదు. దినమునకు పదిమారులు ఎదురగు వస్తువు మనకంటికి కనబడుట మానివేయును. ఒకనాటి ఉదయమున అది అచట లేకపోయినను మనము గుర్తింపము.

ఇట్టి వస్తువులు ఊరందఱివి. కనుకనే ఏ ఒక్కరివియు కావు. ఇల్లు పడగొట్టునపుడు ఇంటివాడు బాధపడును. చేలోని బావిని పూడ్చుటకు ముందు రైతు నాలుగుమారులు ఆలోచించును. వీధిలోని దీపస్తంభమును పెఱికివేయునాడు దానికొఱకు చింతించువాడు లేడు. పైగా దాని స్థానమున వచ్చునది సాధారణముగ మేలైనదియే యగును. కేంద్రప్రభుత్వము 2015లో వీధిదీపముల జాతీయ కార్యక్రమమును ప్రారంభించిన పిమ్మట, పసుపుపచ్చని సోడియము దీపములు అనేక పట్టణములలో తొలగిపోయి తెల్లని ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. వీనికి విద్యుత్తు తక్కువ చాలును. పాతవి పోయినందుకు మనము విచారింపనక్కఱలేదు. కాని ఆ పచ్చని వెలుగులో మన బజారు రాత్రివేళ ఎట్లుండెడిదో రేపటివారు తెలిసికొనుటకు ఒక చిత్రమైన ఉండవలెను గదా!

పెద్దవస్తువులకు ఈ చిక్కు లేదు. 2024వ సంవత్సరము ఆగస్టు నెలలో పాల్వంచయందు, కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రములో పనిచేయుట మానిన పాత యూనిట్ల శీతలగోపురములు ఎనిమిదింటిని పేలుడు పదార్థములతో కూల్చిరి. అనేక దశాబ్దములు ఆకాశమును తాకుచున్నట్లు నిలిచిన గోపురములవి. అవి కూలు దృశ్యమును ఎందఱో తమ సెల్‌ఫోనులలో పట్టుకొనిరి. వానిని చూచుచు జనులు బస్సుకొఱకు వేచియుండిన షెల్టరు చిత్రములు, పనివారు టీ త్రాగిన చోట నిలిచియుండిన నీటితొట్టి చిత్రములు ఎందఱికడ ఉండును? పెద్దది పోవునపుడు చప్పుడగును. చిన్నది చప్పుడు లేకయే పోవును.

చిన్నవానిని కూడ చిత్రించి దాచవలెనన్న తలంపు క్రొత్తది కాదు. ఛాయాచిత్రకళ 1839లో లోకమునకు వెల్లడియైనది. పిదప కొలదికాలమునకే ఫ్రాన్సు రాజధానియైన పారిసు నగరమున ఇఱుకు సందులను కొట్టివేసి విశాలమైన రాజమార్గములు వేయసాగిరి. ఆ నగరపాలకులు చార్లెస్ మార్విల్ అను ఆయనను 1862లో నగర ఛాయాచిత్రకారునిగ గుర్తించిరి. కొట్టివేయబోవు నాలుగువందలకు పైగా వీధులను ఆయన చిత్రించెను. అంతటితో ఊరుకొనక, క్రొత్తగ నిలిపిన దీపస్తంభములను సయితము ఒక్కొక్కదానిని వేఱువేఱుగ, మనుష్యులను చిత్రించునట్లు శ్రద్ధతో చిత్రించెను. 1871లో అచటి నగరభవనము తగులబడి పాత దస్తరములు నశించెను. ఆ వీధుల రూపమును తెలిసికొనగోరువారు నేడు మార్విల్ చిత్రములనే ఆశ్రయించుచున్నారు. లండనులో 1875లో ఒక పాత సత్రమును పడగొట్టబోవుచున్నారని విని కొందఱు మిత్రులు దాని చిత్రములు తీయించిరి. అదియే ఒక సంఘమై, 1886 నాటికి 120 చిత్రములను ప్రకటించెను.

మన హైదరాబాదు సంస్థానమునందును గొప్ప ఛాయాచిత్రకారుడొకడు ఉండెను. రాజా దీనదయాళ్ అని ఆయన పేరు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండి రాజభవనములను, దర్బారులను, సైనికుల కవాతులను అద్భుతముగ చిత్రించెను. కాని ఆనాటి కెమెరా బరువైనది, గాజుపలకలు వెలగలవి. ఖమ్మము దాటి అడవి అంచునకు వచ్చి చేదబావి గిలకను చిత్రించు తీరిక ఎవరికి ఉండును? నేడట్లు కాదు. మీ యింట పెద్దల చేతిలోని సెల్‌ఫోను దీనదయాళ్ పెట్టెకంటె తేలికయైనది, వేగము గలది. ఇక కావలసినది చూచు కన్ను మాత్రమే.

ఆ కన్ను ఎట్టిదో తెలియుటకు ఒక చేతిపంపును తీసికొందము. మనవైపు జనులు దానిని బోరింగు అందురు. 1960 దశకమునందలి కఱవుల తరువాత దేశమంతట బోరుబావులు త్రవ్వించిరి. వానిపై నిలిపిన పోతయినుప పంపులు ఒక కుటుంబము వాడుకొనుటకు తగినవి. ఊరంతయు కొట్టునప్పటికి తఱచుగ విఱిగిపోయెడివి. మహారాష్ట్రమునందలి షోలాపురములో రూపొందిన ఒక గట్టి పంపును ఆధారముగ గొని, 1970 దశకమున భారతప్రభుత్వము, యూనిసెఫ్ సంస్థ, రిచర్డ్‌సన్ అండ్ క్రూడాస్ అను కర్మాగారము కలిసి క్రొత్త నమూనాను సిద్ధపఱచిరి. దానికి 'ఇండియా మార్కు 2' అని పేరు. మన గూడెములలో, పాఠశాలల ఆవరణములలో మీరు చూచునది సాధారణముగ అదియే. దాని పిడి పొడవైన ఉక్కుకడ్డీ. అంత బరువెందుకని మీకు తోచవచ్చును. బోరులోనికి దిగిన కడ్డీల బరువును అది తూచుచుండును. అందుచేతనే పదేండ్ల బాలికయు దానిని కొట్టగలుగును. పై పెట్టెలో పిడి కొసకు ఒక గొలుసు ఉండును. పిడి వంపుగ తిరిగినను ఆ గొలుసువలన కడ్డీ మాత్రము నిట్టనిలువుగ లేచి దిగును. పంపు కొట్టునపుడు వినబడు ఆ 'కిఱ్ఱు' ధ్వని ఆ భాగములదే.

తెలంగాణములో 2016 ఆగస్టున ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముచే ఇంటింటికి కుళాయినీరు ఇచ్చుట మొదలైన తరువాత ఈ పంపుల పని తగ్గిపోయినది. కొన్నింటికి పిడి లేదు. కొన్నింటి చుట్టు కంప పెరిగినది. కుళాయి రాని దినమున మాత్రము జనులు మరల దానికడకే బిందెలు తీసికొని పోవుదురు. అట్టి పంపును చిత్రించునపుడు ఇనుపవస్తువును మాత్రము చిత్రించి వచ్చుట చాలదు. దాని అడుగుననున్న సిమెంటు చప్టాను చూడుడు. బిందెల అడుగులు రాచుకొని రాచుకొని ఒకచోట గుంటపడి యుండును. తడిసిమెంటుపై మేస్త్రీ చీలతో గీసిన తేదీ ఉండవచ్చును. వాడుకనీరు పోవు కాలువను, ఆ నీటితో ఎవరో పెంచుకొన్న అరటిమొక్కను, వంగమొక్కలను చూడుడు. ఎవరు ఎటునుండి వచ్చెడివారో తెలుపు కాలిబాటలను చూడుడు. ఇవన్నియు ఉన్నచో అది ఊరి చరిత్రయగును. లేనిచో అంగడిలోని పంపు బొమ్మయగును.

ఒకమారు ఒక విద్యార్థిని నన్ను, "సార్, ఎదురుగ ఉన్నదానికి ఫొటో ఎందుకండీ?" అని అడిగినది. "లేనిదానికి తీయలేము గనుక నమ్మా!" అని చెప్పితిని. తరగతియంతయు నవ్వినది. అయినను మఱునాడు ఆ పిల్ల తమ వీధి బోరింగు చిత్రమును తెచ్చి చూపినది.

పాతచిత్రము చేతికి వచ్చినపుడు అది ఏనాటిదో కనుగొనుట ఒక ముచ్చటైన పని. అందుకు వీధివస్తువులే సాక్షులు. కూనవరములోని ఒక నామఫలకము చిత్రమున ఉన్నదనుకొనుడు. దానిపై 'తూర్పు గోదావరి జిల్లా' అని వ్రాసియున్నది. అది ఎప్పటిది? భద్రాచలము తాలూకా 1959 వఱకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ సంవత్సరమున ఖమ్మము జిల్లాలో చేరినది. కావున చిత్రము 1959కి పూర్వపుదని మీరు తొందరపడి చెప్పుదురేమో! 2014లో రాష్ట్రము విడిపోయినపుడు పోలవరము ముంపునకు గుఱియగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసెను. కూనవరము మరల తూర్పు గోదావరి జిల్లాకు చెందెను. 2022 ఏప్రిలులో అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి మాఱెను. కావున ఆ ఫలకము 1959కి ముందుదైనను కావచ్చును, 2014కును 2022కును నడిమిదైనను కావచ్చును. ఇక ప్రక్కనున్న వస్తువులను అడుగవలెను. స్తంభముపై ఎల్.ఇ.డి. దీపమున్నచో సందేహము తీఱినట్లే. పోస్టు డబ్బాపై ఆఱంకెల పిన్‌కోడు కనబడినను చాలును. ఆ పద్ధతి 1972 ఆగస్టు 15న గాని ప్రారంభము కాలేదు.

రహదారి రాళ్ళును ఇట్లే మాటలాడును. 1956 నాటి తూనికలు కొలతల చట్టము పిమ్మట మెట్రిక్ పద్ధతి మెల్లగ వ్యాపించి, మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చినవి. రాయి మాఱినను పేరు మాఱలేదు. కిలోమీటరు రాయిని సయితము మనము మైలురాయి యనుచునే యున్నాము. జాతీయ రహదారి రాతికి తలపై పసుపురంగు, రాష్ట్ర రహదారి రాతికి ఆకుపచ్చరంగు వేయుదురు. విజయవాడ చేరువనున్న ఇబ్రహీంపట్నమునుండి కొత్తగూడెము, భద్రాచలములమీదుగ జగదల్పూరు పోవు రహదారికి పూర్వము 221 అను సంఖ్య ఉండెడిది. దేశమందలి రహదారుల సంఖ్యలను 2010లో మార్చినపుడు అది 30వ జాతీయ రహదారియైనది. 221 అని యున్న రాయి ఎచటనైన మిగిలియున్నచో, దానిపై క్రొత్తరంగు పడకమునుపే దాని చిత్రమును తీసికొనుడు. కొత్తగూడెము రైలుస్టేషనునకు చిరకాలముగ 'భద్రాచలం రోడ్' అని పేరు. భద్రాచలము అచటికి దాదాపు నలువది కిలోమీటర్ల దూరము! ఆ పేరు చదివి అచటనే దిగి, రామాలయ మేదియని వెదకిన యాత్రికులు లేకపోలేదు.

ఇవన్నియు ఒక యెత్తు. భద్రాచలము గోడలపైని వరదగీతలు ఒక యెత్తు. గోదావరి అచట 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాదహెచ్చరిక ఇత్తురు. 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. దేశమంతట మీటర్లు వచ్చి ఆఱు దశాబ్దములు దాటినను, భద్రాచలమున వరద ఇప్పటికిని అడుగులలోనే పలుకును. ఈ అంకెలు ఏటి లోతు కావు. గట్టుకడ నిలిపిన కొలమానముపై నీరు తాకిన మట్టములు. 1986 ఆగస్టులో ఆ మట్టము 75.6 అడుగులకు లేచినది. అంతటి వరద అచట మఱి నమోదు కాలేదు. 1990లో 70.8 అడుగులు వచ్చినది. కరకట్ట కట్టిన పిదప, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచి జనులను గడగడలాడించినది.

ఈ లెక్కలన్నియు దస్తరములలో ఉన్నవి. కాని కొలమానము ఏటియొడ్డున ఒకచోట ఉండును. వీథులన్నియు ఒకే యెత్తున ఉండవు. ఫలానా సందులోని కిరాణా అంగడిలో నీరు మోకాటిలోతా, మెడలోతా? ఏ మూలనుండి ముందుగ చొచ్చినది? ఏ అరుగుమీదివారు తడవలేదు? దీనిని చెప్పునది ఆ అంగడిగోడపై మిగిలిన బురదగీత. లేక ఇంటిపెద్ద రంగుతో గీసి, ప్రక్కన సంవత్సరము వ్రాసిన చిన్నగీత. మఱుసటి పండుగకు గోడకు సున్నము పడును. గీత మఱుగగును. ఇంటివారిని తప్పుపట్టలేము, పండుగనాడు బురదగోడతో ఎవరుందురు? సున్నము పడకముందే ఆ గీతప్రక్క అడుగుబద్దనుంచి, నేలనుండి దాని యెత్తు కొలిచి, చిత్రమును తీసికొన్నచో, మరల నీరు వచ్చునాడు ముందుగ ఏ యింటి ముసలివారిని తరలింపవలెనో చెప్పుటకు అది ఉపకరించును. వీధివస్తువుల చిత్రము వేడుక మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

భద్రాచలమునకు దిగువన ఈ విషయము మఱింత తొందరతో కూడినది. పోలవరము ప్రాజెక్టును 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము జాతీయ ప్రాజెక్టుగ ప్రకటించినది. జలాశయము పూర్తిగ నిండినపుడు నీరు సముద్రమట్టమునకు 150 అడుగుల యెత్తున, అనగా 45.72 మీటర్ల యెత్తున నిలుచును. శబరి గోదావరిలో కలియు కూనవరము ప్రాంతము మొదలుకొని 300కు పైగా జనావాసములు ముంపులో నున్నవి. వీనిలో కోయలును, కొండరెడ్లును నివసించు గూడెములు ఎక్కువ. ఇండ్లకు, భూములకు, చెట్లకు అధికారులు లెక్క కట్టుదురు. క్రొత్త కాలనీలో రోడ్లు, త్రాగునీరు మొదలగు సౌకర్యము లుండవలెనని 2013 నాటి భూసేకరణ చట్టము చెప్పుచున్నది. సౌకర్యములు వచ్చునుగాక, పాతవి ఎట్లుండెనో ఏ పట్టికయు చెప్పదు. సంతనాడు కావడి దించుకొను అరుగు, రచ్చబండ, పడవరేవున పడవ కట్టు గుంజ, పాఠశాలముందరి పంపు — వీనికి యజమాని లేడు. కావున లెక్కయు లేదు.

దేవాలయములకును శిథిలములకును మనము ఇంత అన్యాయము చేయలేదు. నాగార్జునసాగరము కట్టుచున్నపుడు కృష్ణానదీలోయలోని నాగార్జునకొండను 1954నుండి 1960 వఱకు పురావస్తుశాఖవారు త్రవ్వి, కొలిచి, చిత్రించిరి. ముఖ్యమైన కట్టడములను కొన్నింటిని కొండపైకిని, అనుపునకును తరలించి మరల నిలిపిరి. అచట పదునేడువందల యేండ్లనాటి ఇక్ష్వాకుల స్నానఘట్టమున్నది. ఆనాడు అదియు నిత్యము వాడుకొనిన రేవే గదా! అది వాడుకలో ఉన్ననాళ్ళు దానిని విశేషముగ చూచినవారు లేకుందురు.

ఇక చిత్రించు విధానము. ప్రతి వస్తువునకు కనీసము మూడు చిత్రములు కావలెను. దూరమునుండి ఒకటి — అందులో వీధి, చెట్లు, ప్రక్కయిండ్లు కనబడవలెను. వస్తువు పూర్తిగ కనబడునట్లు ఎదురుగ ఒకటి. వ్రాతలు, అరుగుదల, అతుకులు కనబడునట్లు దగ్గఱనుండి ఒకటి. అరిగిపోయిన అక్షరములు మధ్యాహ్నపుటెండలో చదువరావు. ఉదయమో సాయంత్రమో ఎండ ప్రక్కనుండి ఏటవాలుగ పడునపుడు చూడుడు. గుంటలలో నీడ నిలిచి అక్షరములు లేచి నిలుచును. సుద్దముక్కతో వానిని దిద్దకుడు. మీరు చదివినది తప్పైనచో మీ తరువాతివారును తప్పే చదువుదురు. పరిమాణము తెలియుటకు ప్రక్కన అడుగుబద్ద నుంచుడు. ఇంటిగోడను చిత్రించుటకు ముందు ఇంటివారి అనుమతి అడుగుడు. నీరు పట్టుకొనుచున్నవారిని అడుగక చిత్రింపకుడు. రహదారి నడుమ నిలువకుడు. రైలుపట్టాల కడకును, ట్రాన్స్‌ఫార్మరు కడకును అసలే పోకుడు.

చిత్రముతోపాటు నాలుగుమాటలు వ్రాసికొనవలెను: తేదీ, స్థలము, ఏ దిక్కునకు తిరిగి తీసినది, ఊరివారు ఆ వస్తువును ఏమని పిలుతురు. ఈ కడపటిది మఱువరాదు. కోయభాషలో నీటినే ఏరు అందురు. మనకు ఏరనగా పాఱునది. గూడెములో ఒకరు ఏరు తెత్తునని చెప్పినచో వాగునకు పోవుచున్నారని వ్రాసికొని రాకుడు. ఏ నీరో, ఎచటిదో అడుగుడు. అచటి పెద్దలు 'తాతా, ఇది ఎవరు పెట్టించిరి?' అని అడుగువారు లేకనే చెప్పుట మానినారు. అడిగి చూడుడు, పొద్దుగుంకువఱకు చెప్పుదురు.

ఒక ఫోనునుండి మఱొక ఫోనునకు పంపిన చిత్రము నాణ్యత తగ్గిపోవును. తీసిన తేదీయు తఱచుగ తొలగిపోవును. కావున మూలచిత్రమును చెఱుపకుండ పాఠశాల కంప్యూటరులో ఒక ప్రతిని, వేఱొకచోట ఇంకొక ప్రతిని ఉంచుడు. ముఖ్యమైన వానిని కాగితముపై అచ్చు వేయించుడు. వెనుకవైపు వివరములను మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. సిరా చెమ్మకు అలికిపోవును. మన అడవి అంచు ఊళ్ళలో చెదలు ఎక్కువ. కఱ్ఱ బీరువాలో గాక, మూతగల రేకు పెట్టెలో, నేలకు ఎత్తున, గోడకు తగులకుండ ఉంచుడు.